గంగాధర్ పళ్లు

మొన్న మిక్సీ బాగుచేయించడానికి నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక చిన్న రిపేరు దుకాణానికి పోయాను. బల్ల మీద పాత డబ్బా టీవీ ఒకటి వెనక మూత ఊడదీసి ఉంది. "ఎవరో పెద్దమనిషి సార్, కొత్తది కొనుక్కోమంటే వినడు, దీన్నే చేసిమ్మంటడు" అని నవ్వుతూ స్విచ్ వేశాడు దుకాణాయన. పిక్చర్ ట్యూబు వేడెక్కేకొద్దీ లోపల ఏళ్లనాటి దుమ్ము కాలుతున్న వాసన వచ్చింది. మిక్సీకి ఏం పోయిందో ఆయన చెబుతున్నాడు, నేను తల ఊపుతున్నాను. చెవుల్లో మాత్రం వేరే మాటలు. "వచ్చిందా?" "రాలే!" "ఇప్పుడు?" "వచ్చింది, వచ్చింది... పోయింది!"

మాది చండూరు అవతల ఒక ఊరు. ఊళ్లో టీవీలు అక్కడక్కడా ఉండేవి గానీ, మా వాడ పిల్లలకు టీవీ అంటే మగ్గాల పెద్దమ్మ ఇంట్లోదే. ఆమె మాకు చుట్టమేం కాదు, వాడంతా పెద్దమ్మ అనేది కాబట్టి మేమూ అనేవాళ్లం. చెక్కపెట్టెలో డయనోరా బ్లాక్ అండ్ వైట్ టీవీ. దాని తెర ముందు నీలిరంగు ప్లాస్టిక్ అద్దం తగిలించారు, కళ్లకు మంచిదని ఎవరో చెప్పారట. చూడని వేళల్లో పైన అల్లిక గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్ పూలకుండీ. టీవీ పెట్టాలంటే ముందు కుండీ దించాలి, తర్వాత గుడ్డ మడవాలి. ఆ పని పెద్దమ్మ తప్ప ఎవరూ చేయడానికి లేదు.

ఆ ఇంటి ముందు గదిలో రెండు గుంట మగ్గాలు. పొద్దున లేచింది మొదలు టక్ టక్ మని చప్పుడు వాడంతా వినబడేది. అది ఆగిందంటే పెదనాయన చాయ్ తాగుతున్నాడనో, పడుగు తెగిందనో లెక్క. మగ్గానికి ఆదివారం సెలవేమీ ఉండదు. అయినా ఆదివారం మధ్యాహ్నం పన్నెండు అయ్యేసరికి పెదనాయన నాడె పక్కనపెట్టి, గుంటలోంచి కాళ్లు పైకి తీసి, మా మధ్యన వచ్చి కూర్చునేవాడు. పెద్దమ్మ మాత్రం ఆసు పోస్తూనే, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పుతూనే, చూసేది. దారం పట్టుకుని ఆమె చెయ్యి ఆ మేకుల చుట్టూ పోయి రావడం, పోయి రావడం. కళ్లు టీవీ మీద, చెయ్యి ఆసు మీద. రాత్రికి భుజం పట్టేసి అన్నం కలుపుకోవడానికి కూడా బాధపడేదని వాళ్ల కోడలు చెప్పేది.

అది శక్తిమాన్ వేళ.

1997 సెప్టెంబరులో దూరదర్శన్‌లో మొదలై 2005 మార్చి దాకా నడిచిన సీరియల్ అది. సగం సైన్సు, సగం యోగం. ఒకవైపు కుండలిని మేల్కొని, ఏడు చక్రాలు తెరుచుకుని, పంచభూతాల శక్తి వచ్చిన మనిషి. ఇంకోవైపు ల్యాబులో ప్రయోగాలు చేస్తూ "పవర్!" అని అరిచే డాక్టర్ జైకాల్. వీళ్లందరి మీదా చీకటికి రాజు తమ్‌రాజ్ కిల్విష్. ఆ శక్తిమాన్ మామూలు వేళల్లో ఒక పత్రికాఫీసులో ఫొటోగ్రాఫర్. పేరు పండిత్ గంగాధర్ విద్యాధర్ మాయాధర్ ఓంకార్‌నాథ్ శాస్త్రి. అంత పేరున్న మనిషికి ఎత్తుపళ్లు, కళ్లద్దాలు, నున్నగా దువ్విన తల. ఆఫీసంతా అతన్ని చూసి నవ్వేది. అదే పత్రికలో పనిచేసే గీతా విశ్వాస్ శక్తిమాన్ అంటే ప్రాణం పెట్టేది, పక్కనే తిరిగే గంగాధర్‌ని మాత్రం వెర్రివాడి కింద జమకట్టేది.

పెదనాయనకు అక్కడే అనుమానం. "గా శక్తిమాన్ వచ్చిన ప్రతిసారీ గీడు మాయమైతడు. ఫొటో దియ్యాల్సినోడే ఉండడు. గా ఎడిటర్‌కు అనుమానం రాదారా? నేను ఒక్కపూట మగ్గం ఎక్కకుంటే మాస్టర్ వీవరు ఇంటికి మనిషిని తోలుతడు."

మేం ఆయన్ని "ఊష్" అని ఆపేవాళ్లం.

*

మా నాయనమ్మకు హిందీ రాదు. చూపూ అంతంతే. గోడకు ఆనుకుని కూర్చుని, తెర మీద బొమ్మకంటే మాటే ఎక్కువ వినేది. మొదటిసారి గంగాధర్ నోరు తెరిచి మాట్లాడగానే ఆమె నిటారుగా కూర్చుంది.

"ఓరి, వీడు మన భీష్ముడు గాదూ!"

మేమంతా నవ్వాం. ఆమె ఊరుకోలేదు. "గొంతు గదే. పండ్లు పెట్టుకున్నడు గంతే" అంది.

నిజమే. గంగాధర్, శక్తిమాన్ రెండు వేషాలూ వేసింది ముఖేశ్ ఖన్నా. అంతకు ముందు బీఆర్ చోప్రా మహాభారత్‌లో భీష్ముడు ఆయనే. ఆ మహాభారత్ వచ్చిన రోజుల్లో నాయనమ్మ స్నానం చేసి, బొట్టు పెట్టుకుని వెళ్లి టీవీ ముందు కూర్చునేదట. అంపశయ్య మీద భీష్ముడు పడుకున్న వారం ఇంట్లో పొయ్యి ముట్టించలేదని అమ్మ చెప్పేది. అలాంటి గొంతును ఆమె మరిచిపోతుందా? అంత పెద్ద పట్నంలో, పత్రికాఫీసులో కూర్చుని వార్తలు రాసేవాళ్లు పోల్చుకోలేని మనిషిని చండూరు అవతల కళ్లు సరిగా కనబడని ముసలామె మొదటి మాటకే పట్టేసింది.

కిల్విష్ వేషం వేసింది సురేంద్ర పాల్ అని, మహాభారత్‌లో ద్రోణుడు ఆయనేనని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. కురుక్షేత్రంలో ఒకే పక్షాన నిలబడి, ఒకరి తర్వాత ఒకరు సేనాపతులైన ఇద్దరూ ఇక్కడ వెలుగూ చీకటీ అయి తలపడ్డారన్నమాట. ఆ సంగతి చెప్పి నాయనమ్మ ముఖం చూద్దామంటే అప్పటికి ఆమె లేదు.

మా గుంపులో హిందీ బాగా వచ్చినవాడు గాజుల సాయిబు కొడుకు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. శక్తిమాన్ ఏమన్నాడో, కిల్విష్ ఏమన్నాడో వాడే మాకు చెప్పాలి. అందుకని వాడికి టీవీ ముందు మొదటి వరస రిజర్వు. అయితే గంగాధర్ నోరు తెరిస్తే వాడికి చెమటలు పట్టేవి. గంగాధర్ మాట్లాడేది సంస్కృతం కుక్కిన హిందీ. "గిది హిందీ గాదురా, ఏందో" అని వాడు చేతులెత్తేసేవాడు. అప్పుడు వెనక గోడ దగ్గర్నుంచి నాయనమ్మ అందుకునేది. హరికథలు విని విని ఆమెకు ఆ మాటల్లో సగం తెలిసేవి. అలా హిందీ వచ్చినవాడు నోరు మూసుకుని కూర్చుంటే, హిందీ రానామె హిందీ సీరియల్ చెప్పేది. సాయిబు కొడుకు ఒప్పుకోలేక, "నాకు తెలుసు, చెప్దామనుకున్న" అనేవాడు.

నాయనమ్మకు గంగాధర్ ఎత్తుపళ్లు చూసి నవ్వు రాకపోయేది. "అజ్ఞాతవాసం రా" అనేది అంతే.

కోతలయ్యాక మా ఊరికి చిందు భాగవతం ఆడే చిందోళ్లు వచ్చేవారు. రాత్రి అన్నాలు తిని, చాపలు, గొంగళ్లు పట్టుకుపోయి ముందే జాగా పట్టుకోవాలి. విరాటపర్వం ఆడిన రాత్రి నాకు ఇప్పటికీ గుర్తు. ఉత్తరకుమారుడు ఆడవాళ్ల మధ్య నిలబడి, భీష్ముణ్ణి ఇట్ల గొడతా, కర్ణుణ్ణి అట్ల తంతా అని కోతలు కోస్తుంటాడు. పక్కనే చీరకట్టి, జడ వేసుకుని బృహన్నల తలొంచుకుని వింటుంటాడు. ఆ తలొంచుకున్నవాడు ఎవరో ఊరందరికీ తెలుసు, ఉత్తరకుమారుడికి ఒక్కడికే తెలియదు. అందుకే వాడు నోరు తెరిచిన ప్రతిసారీ జనం పడీపడీ నవ్వేవారు. వాడు "నాకు సారథి ఉంటే గదా, ఉంటే చూపిద్దును" అన్నప్పుడు వెనకనుంచి ఎవరో, "నీ పక్కనే ఉన్నడు బిడ్డా" అని అరిచారు. బృహన్నల వేషగాడికీ నవ్వాగలేదు, కొంగు అడ్డం పెట్టుకున్నాడు.

తర్వాత యుద్ధం మొదలైతే జనం సగం నిద్రపోయారు. అదీ గుర్తే.

*

బ్లాక్ అండ్ వైట్ టీవీలో శక్తిమాన్ బట్టలు ఏ రంగువో మాకు తెలియదు. దీని మీద కొట్లాటలు అయ్యాయి. నీలి అద్దంలో చూసి చూసి కొందరు నీలం అన్నారు. సాయిబు కొడుకు ఆకుపచ్చ అన్నాడు. నాయనమ్మను అడిగితే, "భీష్ముడు తెల్లబట్టలే కడతడు" అని తేల్చేసింది. చివరికి నోట్‌బుక్కుల మీద అంటించే లేబుళ్లలో శక్తిమాన్ బొమ్మ వచ్చింది. ముదురు ఎరుపు, బంగారు రంగు. ఆ లేబుల్ కోసం నాకు అక్కర్లేని రెండు రూళ్ల కాపీ కూడా కొన్నాను.

కరెంటు సంగతి చెప్పకపోతే ఇది పూర్తికాదు. సరిగ్గా శక్తిమాన్ గిర్రున తిరగబోయే వేళకే పోయేది. పోగానే పిల్లలమంతా కిల్విష్ గొంతు పెట్టి "అంధేరా కాయం రహే!" అని అరిచేవాళ్లం. వస్తే జైకాల్ గొంతు పెట్టి "పవర్!" అని ఇంకా గట్టిగా. ఒకసారి పాడు కరెంటు పోతూ వస్తూ ఉంటే మేం ఆ రెండూ అరుస్తూనే ఉన్నాం. పెద్దమ్మ చీపురు పట్టుకుని అందర్నీ బయటికి తోలింది.

ఆ రోజుల్లోనే దేశంలో అక్కడక్కడా పిల్లలు శక్తిమాన్ వచ్చి కాపాడతాడని ప్రాణం మీదికి తెచ్చుకున్నారని వార్తలు వచ్చాయి. అలా చేయొద్దని పిల్లలకు టీవీలోనే చెప్పారు కూడా. మా బళ్లో పెద్దసారు ప్రార్థన అయ్యాక నిలబెట్టి, శక్తిమాన్ లేడు గీక్తిమాన్ లేడు, ఎవడైనా గోడ దూకితే కాళ్లు విరగ్గొడతా అన్నాడు. గోడ దూకితే కాళ్లు ఎట్లాగూ విరుగుతయి గదా సార్ అని గొణిగినవాడు మా బుడ్డోడు.

*

బుడ్డోడు మా చిన్నాయన కొడుకు. నాకంటే ఏడాది చిన్న. మా నాయిన నకిరేకల్ వైపు ఊళ్లో టీచరుగా పనిచేసినన్నాళ్లు నేను అక్కడ పెరిగాను. బుడ్డోడు పుట్టిందీ పెరిగిందీ ఊళ్లోనే, ఇంటి పక్క బోరింగు నీళ్లు తాగే. ఆ నీళ్లు చూడ్డానికి అద్దంలా ఉండేవి. పప్పు మాత్రం ఉడకడానికి సతాయించేది. అడుగునున్న రాయిలోంచి ఫ్లోరైడ్ దిగుతుందని, తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని తర్వాత చదువుకున్నాం. అప్పటికి తెలిసింది ఒక్కటే. మునుగోడు, మర్రిగూడ, చండూరు దిక్కు పిల్లలకు పాలపళ్లు ఊడి కొత్తవి వస్తే, అవి మొలిచేటప్పుడే పసుపు, గోధుమ చారలతో వచ్చేవి. బొగ్గుతో తోమినా పోవు, బ్రష్షుతో తోమినా పోవు. గారపళ్లు అనేవారు. నాకు వెనక పళ్ల మీద రెండు మచ్చలున్నాయి, నవ్వితే కనబడవు. బుడ్డోడికి ముందున్నవన్నీ అవే. మోకాళ్లు కూడా కొంచెం లోపలికి ఒరిగి ఉండేవి.

కృష్ణ మా జిల్లా అంచునే పారుతుంది. నాగార్జునసాగర్ మా జిల్లాలోనే కట్టారు. తాగడానికి మాత్రం మాకు బోరింగే. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ సీటుకు 480 మంది నిలబడ్డారు. వాళ్లలో చాలామంది గెలవడానికి కాదు, మా నీళ్ల గోస దేశం చూడాలని నామినేషన్లు వేసినవాళ్లు. బ్యాలెట్ కాగితం పుస్తకమైంది. నాయిన ఆ సంగతి చెప్పినప్పుడల్లా ఆ పుస్తకం ఎంత మందం ఉండేదో రెండు వేళ్లతో చూపించేవాడు.

బుడ్డోడు ఎంత నవ్వించేవాడో అంత తక్కువ నవ్వేవాడు. నవ్వొస్తే చొక్కా కాలర్ కొస నోట్లో పెట్టుకుని కొరికి పట్టుకునేవాడు. నవ్వు ముక్కులోంచి వచ్చేది. అందుకే వాడి ఎడమ కాలర్ ఎప్పుడూ తడిగా, కొస పీచు లేచి ఉండేది. చిన్నమ్మ కాలర్లు కుట్టలేక కొన్నాళ్లు గుండ్రమెడ బనియన్లే తొడిగింది. అప్పుడు బనియన్ మెడనే పైకి లాగి పట్టుకునేవాడు.

సీరియల్ అయిపోగానే బడి వెనక ఖాళీ జాగాలో అదే ఆట. అందరికీ శక్తిమానే కావాలి. ఎవరింట్లో తువ్వాల దొరికితే అది మెడకు కట్టుకుని వచ్చేవారు. "శక్తిమాన్‌కు వీపు మీద గుడ్డ ఉండదురా, సరిగ చూడుండ్రి" అని బుడ్డోడు మొత్తుకునేవాడు. నిజమే, ఉండదు. ఎవరు వింటారు? ఒక చెయ్యి పైకెత్తి గిరగిరా తిరగాలి. తిరిగి తిరిగి కళ్లు తిరిగి పడితే, అది శక్తిమాన్ ఆకాశానికి పోయినట్టు. బుడ్డోడి మోకాళ్లతో అలా తిరగడం కుదరదు. రెండో చుట్టుకే కూలబడేవాడు.

ఒకరోజు వాడే అన్నాడు. "మీరంతా శక్తిమాన్ అయితే గంగాధర్ ఎవడు? నేనైత."

ఇక అప్పట్నుంచి ఆట మారిపోయింది. అగ్గిపెట్టె మీద సీసా మూత అతికించి కెమెరా చేసుకున్నాడు. తలకు నీళ్లు రాసుకుని నున్నగా దువ్వుకున్నాడు. నాయనమ్మ కళ్లద్దాలు, ఒక కాడ విరిగినవి, దారంతో చెవికి కట్టుకున్నాడు. ఇక పై పెదవిని పైకి లేపి, పళ్లన్నీ బయటపెట్టి, సంస్కృతం లాంటిదేదో, అర్థం లేనిది, గంగాధర్ రాగంలో గడగడా మాట్లాడేవాడు. మేం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం. శక్తిమాన్ల వైపు చూసేవాడే లేడు. పక్క వాడ పిల్లలు గంగాధర్‌ని చూడ్డానికే వచ్చేవారు. ఆట ఉన్నంతసేపు కాలర్ నోట్లోకి పోయేది కాదు. అమ్మ పిలిచిందనో, దూప అయిందనో ఆట ఆగితే, కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకోగానే పెదవి దిగిపోయేది.

ఒకసారి పట్నం నుంచి ఏదో పత్రిక వాళ్లు వచ్చారు. మా ఊళ్లకు అలా వస్తుండేవారు, బడికి పోయి పిల్లల్ని వరసగా నిలబెట్టి "ఏదీ, పండ్లు చూపెట్టు" అనేవారు. కొందరు సిగ్గుపడేవారు, కొందరు ఏడ్చేవారు. ఫొటోగ్రాఫర్ బుడ్డోడి ముందుకొచ్చి కెమెరా ఎత్తాడు. బుడ్డోడు కాలర్ వదల్లేదు. ఆయన గడ్డం పట్టుకుని బతిమాలాడు. అప్పుడు వీడు ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, కాలర్ తీయకుండానే అడిగాడు.

"సార్, మీరు గంగాధరా?"

ఆయనకు ఒక్క క్షణం అర్థం కాలేదు, తర్వాత పగలబడి నవ్వాడు. "అవును బాబూ, ఎవరికీ చెప్పకు" అన్నాడు. దాంతో వీడు కాలర్ వదిలి, పెదవి ఎత్తి, పూర్తి గంగాధర్‌లా నిలబడ్డాడు. ఆయన రెండు మూడు క్లిక్కులు కొట్టాడు. ఆ ఫొటో అచ్చయిందో లేదో మా ఊరికి ఆ పేపర్ రాలేదు. బుడ్డోడు మాత్రం చాలాకాలం, ఆ వచ్చినాయన జీపెక్కి మలుపు తిరగ్గానే గిర్రున తిరిగి ఎగిరిపోయాడని చిన్నపిల్లలకు చెప్పేవాడు.

*

కేబుల్ వచ్చాక ఆదివారం అంత పెద్దగా ఉండలేదు. సాయంత్రాలు స్టార్ ప్లస్‌లో హిందీ చేసిన స్మాల్ వండర్ మొదలైంది. అమెరికాలో 1985 నుంచి 1989 దాకా వచ్చిన సీరియల్, మా దాకా రావడానికి అన్నేళ్లు పట్టింది. ఒక ఇంజినీరు పదేళ్ల పిల్లలాంటి రోబోను తయారుచేసి, ఇంట్లో పిల్లలాగే పెంచుతాడు. పేరు విక్కీ. వీపున చిన్న తలుపు, దాని వెనక స్విచ్చులు. రాత్రి బీరువాలో నిలబడి ఉంటుంది. పక్కింటి హారియట్ ఎప్పుడూ తొంగిచూస్తుంటుంది, అయినా అసలు సంగతి కనిపెట్టలేదు.

మా మేనత్తకు విక్కీ అంటే మహా ఇష్టం. "చూడు, చెప్పింది చెప్పినట్టు చేస్తది. ఎదురు మాట్లాడదు. ఆడపిల్లంటే గట్ల ఉండాలె" అని మా అక్కకు వినబడేట్టు అనేది.

అక్క బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తకుండా, "అత్తా, గది ఆడపిల్ల గాదే, మిషను" అంది.

మిషన్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మేం శక్తిమాన్ చూస్తున్న ఆ ఏళ్లలోనే, మా జిల్లాలోనే, ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆసు పోసే యంత్రం కోసం కిందామీదా పడుతున్నాడు. బడి చదువు మధ్యలో మానేసిన మనిషి. తల్లి చెయ్యి రోజూ వేలసార్లు తిరగడం చూడలేక మొదలుపెట్టాడు. మోటార్లు, చెక్కలు, అప్పులు. పిచ్చి పట్టిందన్నారు జనం. 1999లో యంత్రం నడిచింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. యంత్రం మా పెద్దమ్మ ఇంటికి చేరేసరికి ఆమె భుజం పూర్తిగా పాడైపోయింది. కోడలికి మాత్రం పనికొచ్చింది. యంత్రం అటు తిరుగుతుంటే కోడలు ఇటు సీరియల్ చూసేది, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని. అది చూసి పెద్దమ్మ మురిసిపోయేదో కుళ్లుకునేదో చెప్పడం కష్టం. రెండూ అయ్యుండాలి.

*

పదో తరగతి అయ్యాక గ్రూప్ ఫొటోలో బుడ్డోడు మూతి బిగించి ఉన్నాడు. ఇంటర్ ఐడీ కార్డులో అంతే. డిగ్రీలో అంతే. హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చాక, పెళ్లి సంబంధాలు చూడటం మొదలుపెట్టే ముందు, దిల్‌సుఖ్‌నగర్‌లో పళ్ల డాక్టరు దగ్గర క్యాపులు వేయించుకున్నాడు. ఉన్న పళ్లను అరగదీసి, పైన తెల్లటి సిరామిక్ తొడుగులు. మూడు నెలల జీతం దానికే పోయింది. గంగాధర్ మంచి పళ్ల మీద పాడు పళ్లు తగిలించుకుంటే వీడు పాడు పళ్ల మీద మంచివి తగిలించుకున్నాడు.

బస్సు దిగి ఇంటికొచ్చి, వాకిట్లో నిలబడి, మొదటిసారి కాలర్ లేకుండా నవ్వాడు. చిన్నమ్మ చాట పక్కన పెట్టి దగ్గరికొచ్చి, వాడి గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పి చూసింది.

"ఎవలవిరా గీ పండ్లు?"

వారం పాటు వాడికి సకారాలు సరిగా పలకలేదు. చిన్నమ్మకు ఆ నవ్వు అలవాటు కావడానికి అంతకంటే ఎక్కువే పట్టింది.

సంబంధం మిర్యాలగూడ వైపు కుదిరింది. సాగర్ కాలువ నీళ్లు తాగి పెరిగిన పిల్ల. పెళ్లికి ముందు ఈ క్యాపుల సంగతి ఎవరూ ఎత్తకూడదని చిన్నాయన అందరికీ గట్టిగా చెప్పాడు. పెళ్లి ఆల్బంలో బుడ్డోడు ప్రతి పేజీలో నవ్వుతూనే ఉన్నాడు. తలంబ్రాలు కళ్లలో పడ్డ ఫొటోలో కూడా.

2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ పాత సీరియళ్లన్నీ మళ్లీ వేసింది, శక్తిమాన్ కూడా. అప్పటికి మా ఊరికి మిషన్ భగీరథ నల్లా వచ్చింది. బోరింగు చేతిపిడి ఎవరో ఎత్తుకుపోయారు. బుడ్డోడు ఇంట్లో కూర్చుని కూతురికి శక్తిమాన్ చూపించాడు. పిల్ల అప్పుడు రెండో తరగతి. ఆ గ్రాఫిక్స్ చూసి, "ఇదేంటి నాన్నా, తాళ్లు కనబడుతున్నాయి" అందట. గంగాధర్ వచ్చేసరికి మాత్రం పడీపడీ నవ్వింది. "ఆ పళ్లు ఉత్తుత్తివి కదా?" అని అడిగింది. అవునన్నాడు. "మరి అంతమందిలో ఒక్కరికీ తెలియలేదా? చూడగానే తెలుస్తోంది కదా" అంది.

ఆ సాయంత్రం నాకు వీడియో కాల్ చేసి ఇదంతా చెబుతున్నాడు. పిల్ల పక్కనే ఉంది. ఆ ఊపులో వీడికేం బుద్ధి పుట్టిందో, ఫోను స్టాండుకు పెట్టి, "ఇంకో రహస్యం చెప్పనా బిడ్డా? నాన్నవి కూడా ఉత్తుత్తి పండ్లే" అన్నాడు. పిల్ల నమ్మలేదు. వాడి నోట్లో వేలు పెట్టి లాగి చూసింది. ఊడి రాలేదు. "అబద్ధం" అని తేల్చేసింది.

"అబద్ధం గాదే. మీ అమ్మకు గూడ తెల్వది, చెప్పకు" అన్నాడు గొంతు తగ్గించి.

వంటింట్లోంచి ఆమె గొంతు, కుక్కర్ విజిల్ మీదుగా. "మునుగోడు దిక్కు పిల్లగాడు, పండ్లు పాలలెక్క తెల్లగున్నయంటే మా ఇంట్ల ఎవ్వరికీ తెల్వదా? పెండ్లిచూపుల నాడే మా నాయనమ్మ చెప్పింది."

బుడ్డోడి చెయ్యి కాలర్ దాకా పోయింది. ఇంట్లో ఉన్నాడు కదా, వేసుకున్నది రౌండ్ నెక్ టీషర్టు.

"మరి ఇన్నేండ్లు చెప్పలేదేందే?"

"నువ్వు అడిగినవా?"